గేమ్ కంపెనీ గిఫ్ట్ పంపింది, మీరు రివ్యూ చేయాలి: ఇప్పుడేం చేయాలి?

"అన్నా, ఒక కంపెనీ వాళ్ళు హెడ్‌సెట్ పంపిస్తామంటున్నారు, తీసుకోవచ్చా?" "గేమ్ డౌన్‌లోడ్ చేసుకునే కోడ్ ఫ్రీగా వచ్చిందని చెప్పాలా, అక్కర్లేదా?" "తిరిగి పంపిస్తే మళ్ళీ కోడ్ ఇవ్వరేమో అని టెన్షన్‌గా ఉంది." ఈ మధ్య నాకు వస్తున్న మెసేజ్‌లలో సగం ఇవే. ఒక్కొక్కరికీ విడివిడిగా టైప్ చేసి విసుగొచ్చి అంతా ఒకచోట రాస్తున్నాను. తెలుగులో గేమ్ రివ్యూలు రాసేవాళ్ళకి, వీడియోలు చేసేవాళ్ళకి, ఇప్పుడిప్పుడే మొదలుపెట్టి మొదటి పార్సిల్ కోసం గుమ్మం వైపు చూస్తున్నవాళ్ళకి.

ముందు నా సంగతి చెప్పేస్తాను. మూడేళ్ళ కిందట ఒక గేమ్ విడుదలకి వారం ముందు కొరియర్ కుర్రాడు పెద్ద అట్టపెట్టె ఇచ్చి సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. లోపల కోడ్ ఉన్న కార్డు, ఒక హూడీ, రంగురంగుల లైట్లు వెలిగే మెకానికల్ కీబోర్డు. అప్పటిదాకా నాది ఎం అక్షరం చెరిగిపోయిన పాత కీబోర్డు. రివ్యూ కోసం నేను మొదట రాసుకున్న వాక్యం ఇది: "మ్యాచ్ మధ్యలో సర్వర్లు పడిపోతున్నాయి, నేను ఆడిన పదింట్లో నాలుగు పూర్తి కాలేదు." వీడియోలో చదివిన వాక్యం ఇది: "సర్వర్లు అప్పుడప్పుడు కాస్త ఇబ్బంది పెట్టొచ్చు." మార్చమని ఎవరూ అడగలేదు, ఒక్క ఫోన్ కూడా రాలేదు, నా అంతట నేనే మార్చుకున్నాను. వీడియో పెట్టిన గంటకి ఒకాయన కింద ఒకే ఒక్క లైను రాశాడు: "అన్నా, కీబోర్డు కొత్తదా?"

అందుకే చెబుతున్నాను, దీన్ని లంచం అనే పెద్ద మాటతో కొలవకండి, కొలిస్తే "నేనేమన్నా అమ్ముడుపోయానా" అని కోపం వస్తుంది తప్ప ఉపయోగం ఉండదు. ఇక్కడ పనిచేసేది మొహమాటం. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దవాళ్ళు సామెతలోనే చెప్పారు, పూర్తిగా రాయను.

కంపెనీలు ఎందుకు పంపుతాయి అంటే స్కోర్ల వెనక డబ్బుంది కాబట్టి. 2010లో వచ్చిన 'ఫాలౌట్: న్యూ వేగస్'కి, రివ్యూ స్కోర్లన్నిటినీ కలిపి సగటు చూపించే మెటాక్రిటిక్ సైటులో 85 వస్తే తయారుచేసిన అబ్సిడియన్ స్టూడియోకి బోనస్ అని ఒప్పందం. వచ్చింది 84. బోనస్ రాలేదు. ఒక్క పాయింటుకి అంత విలువ ఉన్నచోట మీ ఇంటికో కీబోర్డు పంపడం ఎవరికీ బరువు కాదు. సిద్ధాంతం ఇంతే, పనిలోకి వద్దాం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక నోటుబుక్కు, లేదా ఎక్సెల్ షీటు. పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం ఉంటుంది చూశారా, అదే. నాలుగు గడులు: ఏ తేదీన, ఎవరు, ఏమిటి (మార్కెట్ ధరతో), దాన్ని ఏం చేశాను.
- పీఆర్ వాళ్ళతో (కంపెనీల తరఫున ప్రచారం చూసేవాళ్ళతో) మాట్లాడటానికి విడిగా ఒక మెయిల్ ఐడీ. వాట్సాప్‌లో మాట్లాడకండి, రేపు ఎవరేమన్నారో వెతుక్కోలేరు.
- ముందే రాసిపెట్టుకున్న రెండు జవాబులు. కింద ఇస్తున్నాను.
- గిఫ్టు అందని ఒక స్నేహితుడు. మొహమాటం లేనివాడైతే ఇంకా మంచిది.
- ప్యాకింగ్ టేపు. ఎందుకో మీకే తెలుస్తుంది.

1. పార్సిల్ రాకముందే గీత గీసుకోండి

పెట్టె తెరిచాక గీత గీస్తే అది ఎప్పుడూ ఆ వస్తువు చుట్టూ వంకర తిరుగుతుంది. ముందే రాసుకోండి. నాది ఇలా ఉంటుంది, మీరు మార్చుకోవచ్చు.

గేమ్ కోడ్ తీసుకుంటాను. అది పనిముట్టు. ఇక్కడ పెద్ద పీఎస్5 గేమ్ ఒక్కటి దాదాపు 5,000 రూపాయలు ఉంటున్నప్పుడు నెలకి మూడు కొని రివ్యూ చేయడం మనలో చాలామందికి కుదరదు. ఆ కోడ్‌ని అమ్మను, ఇంకొకరికి ఇవ్వను. కన్సోల్, గ్రాఫిక్స్ కార్డు లాంటివి రివ్యూ కోసమే అయితే అప్పుగా తీసుకుంటాను, తిరిగి ఇచ్చే తేదీ మెయిల్‌లో ఉండాలి. స్టిక్కర్లు, పోస్టరు, కీచైను లాంటి చిల్లర సామాను వస్తే గొడవ చేయను, పుస్తకంలో రాసి పక్కింటి పిల్లలకి ఇచ్చేస్తాను. గేమ్ ఆడటానికి అవసరం లేని ఖరీదైన వస్తువు, డబ్బు, వోచరు, ప్రయాణం వద్దు.

"చిల్లర" అంటే ఎంత అని అడుగుతారు. నేను 500 అనుకున్నాను. మీరు 1,000 అనుకోండి, తప్పులేదు. అంకె ఏదైనా అది ముందే ఉండాలి, అందరికీ కనిపించేలా మీ ఛానెల్ 'గురించి' పేజీలో పెట్టేయాలి. అక్కడ పెట్టాక వద్దని చెప్పడం ఎంత తేలికవుతుందో చూడండి: "సారీ అండీ, మా రూల్" అంటే సరిపోతుంది, మీ ఇద్దరిలో ఎవరి మొహమూ చిన్నబోదు.

జాగ్రత్త: కోడ్ పనిముట్టే అయినా, అదీ ఫ్రీగా వచ్చిందే. చెప్పాల్సిన జాబితాలోంచి దాన్ని తీసేయకండి.

2. అడ్రస్ ఇచ్చే ముందు "లోపల ఏముంది?" అని అడగండి

సిగ్గుపడొద్దు. "సర్‌ప్రైజ్ కిట్ అండీ" అంటే "సర్‌ప్రైజ్ వద్దండీ, లిస్టు పంపండి" అనండి. ఎందుకంటే సర్‌ప్రైజ్‌లు ఎలా ఉంటాయో వినండి. 2009లో 'ది గాడ్‌ఫాదర్ 2' గేమ్ ప్రచారానికి ఈఏ కంపెనీ అమెరికాలో రివ్యూ రాసేవాళ్ళకి వేళ్ళకి తొడుక్కుని గుద్దే ఇత్తడి పిడులు పంపింది, అవి దగ్గర ఉంచుకోవడమే అక్కడ చాలా రాష్ట్రాల్లో నేరం. తర్వాత నాలుక్కరుచుకుని, తిరిగి పంపేయండి బాబూ అని వాళ్ళే అడగాల్సి వచ్చింది. 2014లో 'వాచ్ డాగ్స్' కోసం యూబీసాఫ్ట్ సిడ్నీలోని ఒక న్యూస్ ఆఫీసుకి నల్లటి ఇనప్పెట్టె పంపితే అది బీప్ బీప్‌మని మోగడం మొదలుపెట్టింది, బాంబు స్క్వాడ్ వచ్చి తెరిచి చూస్తే లోపల గేమూ టోపీలూ.

మనకి బాంబు స్క్వాడ్ దాకా రాకపోవచ్చు. కానీ విదేశాల నుంచి పార్సిల్ వస్తే కస్టమ్స్ డ్యూటీ మీ నెత్తిన పడొచ్చు, ఫ్రీ గిఫ్టుకి డబ్బు కట్టి విడిపించుకున్నాక దాని మీద ఇంకా మమకారం పెరుగుతుంది.

అడ్రస్ విషయంలో ఇంకో మాట. ఒకసారి ఇచ్చిన అడ్రస్ ఏజెన్సీ దగ్గర ఉండిపోతుంది, ఆ తర్వాత అడక్కుండానే వస్తుంటాయి. అందుకే మొదటి మెయిల్‌లోనే ఇది పంపండి:

"నమస్తే అండీ. రివ్యూ కోసం కోడ్ మాత్రమే చాలు. వేరే వస్తువులు పంపవద్దని మనవి. పంపితే తిరిగి పంపుతాను, వచ్చిన సంగతి రివ్యూలో చెబుతాను. గేమ్ నచ్చినా నచ్చకపోయినా రివ్యూ రావచ్చు, అసలు రాకపోవచ్చు కూడా."

చివరి వాక్యం తీసేయకండి. అన్నిటికన్నా పనికొచ్చేది అదే.

3. వచ్చిన రోజే పుస్తకంలో ఎక్కించండి

పెళ్ళి చదివింపుల పుస్తకం ఎందుకు రాస్తారు? రేపు వాళ్ళింట్లో శుభకార్యానికి అంతకి తగ్గకుండా పెట్టాలని. మనం రాసేది సరిగ్గా దానికి ఎదురు: ఎవరికీ ఏమీ తిరిగి "పెట్టకుండా" ఉండటానికి. పెట్టె తెరిచేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి, బిల్లూ డెలివరీ చలానా ఫోటో తీయండి, వస్తువు ధర ఆన్‌లైన్‌లో చూసి ఆ రోజే రాయండి.

చాలామంది చేసే పొరపాటు, కోడ్‌లు రాయకపోవడం. ఏడాది చివర కూడితే కళ్ళు తిరుగుతాయి. నేను మొదటి ఏడాది కూడినప్పుడు మా ఇంటి అద్దె నాలుగు నెలలది వచ్చింది, అంతా "జస్ట్ కోడ్‌లే" అనుకున్నవే.

4. ఉంచుకోవాలా, పంపేయాలా, పంచాలా

అడక్కుండా వచ్చేసింది, పెట్టె తెరిచేశారు. ఇప్పుడు మూడు దారులున్నాయి.

మొదటిది, తిరిగి పంపడం. అన్నిటికన్నా శుభ్రమైనది. కొరియర్ ఖర్చు వాళ్ళదే అని రాయండి: "మీరు పంపిన ఫలానా వస్తువు అందింది. మా రూల్ ప్రకారం ఉంచుకోలేను. పికప్ ఏర్పాటు చేయండి, పెట్టె సీలు వేసి ఉంచాను." పదిహేను రోజుల గడువు పెట్టండి.

రెండోది, ఎవరికైనా ఇచ్చేయడం. గడువు దాటినా వాళ్ళు పికప్ పంపకపోతే స్కూలుకో, లైబ్రరీకో, మీ ఊళ్ళో పిల్లల హోమ్‌కో. ఇచ్చినట్టు ఫోటో, పుస్తకంలో ఎంట్రీ. ఇక్కడో మెలిక ఉంది: ఆ గిఫ్టుతోనే ఛానెల్‌లో "లైక్ కొట్టి కామెంట్ పెట్టండి, గివ్‌అవే" అని చేశారంటే మీరు దాన్ని పంచినట్టు కాదు, వాడుకున్నట్టు. సబ్‌స్క్రైబర్లు పెరిగేది మీకే, యాడ్ దక్కేది వాళ్ళకే.

మూడోది, ఉంచుకుని చెప్పడం. చట్టం దీన్ని తప్పనదు. చెబితే చాలు. నేను మాత్రం ఇది చివరి దారి అంటాను, ఎందుకంటే మీరు చెప్పడం వల్ల చూసేవాళ్ళు జాగ్రత్తపడతారేమో గానీ మీ బల్ల మీద రోజూ వెలిగే ఆ కీబోర్డు మీ మీద చేసే పని ఆగదు.

అమ్మడం అనే నాలుగో దారి లేదు. ఓఎల్ఎక్స్‌లో ప్రెస్ కిట్ పెట్టి దొరికిపోయినవాడి ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

డబ్బు వస్తే? 2009లోనే 'డాంటేస్ ఇన్‌ఫెర్నో' గేమ్ ప్రచారంలో ఈఏ రివ్యూ రాసేవాళ్ళకి ఏకంగా 200 డాలర్ల చెక్కు పంపింది. మార్చుకుంటే పేరాశకి లొంగినట్టు, మార్చుకోకపోతే దుబారా చేసినట్టు, రెండూ పాపాలే అని దానికో చమత్కారం కూడా తగిలించారు, ఆ గేమ్ నరకం గురించి కదా. చమత్కారం బాగుంది, చెక్కు మాత్రం చెక్కే. అలాంటివి చింపి ఫోటోలు పెట్టే హడావుడి అవసరం లేదు, కవర్లో పెట్టి తిరిగి పోస్ట్ చేయండి. ప్రెస్‌మీట్‌లో చేతిలో పెట్టే కవర్ల సంగతి మన దగ్గర ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు, అక్కడా ఇదే రూలు: ఎవరి చేతి నుంచి వచ్చిందో వాళ్ళ చేతికే, అక్కడే.

5. పిలుపులు, ప్రయాణాలు

వస్తువుకన్నా ప్రయాణం ప్రమాదం. వస్తువుని వెనక్కి పంపొచ్చు, తిన్న భోజనాన్ని పంపలేం. 2010లో 'కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్' రివ్యూ కోసం యాక్టివిజన్ రిపోర్టర్లని కాలిఫోర్నియాలో ఓహాయ్ అనే చోట రిసార్టుకి తీసుకెళ్ళింది, అదీ హెలికాప్టర్లలో. గేమ్‌ని అక్కడే, వాళ్ళు పెట్టిన మంచి టీవీల మీద ఆడాలి. అంత సౌకర్యంగా ఆడినదాన్ని, ఇంట్లో కరెంటు పోయి వచ్చే మధ్యలో, పక్కగదిలో సీరియల్ చప్పుడులో ఆడేవాడి కోసం ఎలా రివ్యూ చేస్తారు?

2014లో 'వాచ్ డాగ్స్' పారిస్ ఈవెంట్‌కి వచ్చినవాళ్ళకి యూబీసాఫ్ట్ నెక్సస్ 7 టాబ్లెట్లు పంచింది. సంగతి బయటికొచ్చాక అది తమ పద్ధతికి విరుద్ధమని వాళ్ళే ఒప్పుకున్నారు. అంటే ఇచ్చినవాళ్ళకే ఇబ్బందిగా అనిపించింది, తీసుకున్నవాళ్ళ సంగతి మీరే ఆలోచించండి.

ఏం చేయాలి: హైదరాబాద్‌లో ఈవెంట్ ఉంటే మెట్రోలో వెళ్ళండి, టీ తాగండి, ఆడండి, వచ్చేయండి. బెంగళూరో ముంబయో వెళ్ళాల్సి వస్తే, ఖర్చు మీది కాకపోతే, అక్కడినుంచి మీరు చేసేది "ఆడి చూశాను" అనే వీడియో మాత్రమే, రివ్యూ కాదు. టికెట్, హోటల్ ఎవరిదో ఆ వీడియోలో చెప్పండి. రివ్యూ ఇంటికొచ్చాక మీ మెషీన్ మీద ఆడాకే.

ఈవెంట్‌లో పోటీలు, లక్కీడ్రాలు పెడతారు, అవీ గిఫ్టులే. 2012లో లండన్‌లో గేమ్స్ జర్నలిస్టుల అవార్డుల ఫంక్షన్‌లో 'టూంబ్ రైడర్' హ్యాష్‌ట్యాగ్ పెట్టి ట్వీట్ చేస్తే పీఎస్3 గెలుచుకోవచ్చన్నారు, కొందరు చేశారు. దాని మీద రాబ్ ఫ్లోరెన్స్ యూరోగేమర్‌లో ఘాటుగా కాలమ్ రాస్తే, అందులో పేరొచ్చిన ఒకరు ఫిర్యాదు చేయడంతో సైటు కొన్ని పేరాలు తీసేసింది, ఆయన ఆ కాలమే మానేశాడు. ఒక్క ట్వీటే కదా అనుకున్నారు అప్పుడు.

6. షరతులు చదవండి, చదివాకే టిక్కు పెట్టండి

కోడ్‌తో పాటు వచ్చే మెయిల్‌లో రెండు రకాల షరతులుంటాయి. ఫలానా తేదీ ఫలానా టైమ్ దాకా బయటపెట్టొద్దు, చివరి మిషన్ చూపించొద్దు లాంటివి మామూలు, ఒప్పుకోవచ్చు. కానీ ఈ కిందివి కనిపిస్తే ఆగండి:

- వీడియో పెట్టే ముందు మాకు చూపించాలి.
- బగ్గులు, గ్లిచ్‌లు చూపించకూడదు.
- "పాజిటివ్‌గా" మాట్లాడాలి.
- మేమిచ్చిన ఫుటేజీ మాత్రమే వాడాలి.

ఇవి ఊహించి రాసినవి కావు. 2014లో 'షాడో ఆఫ్ మోర్డోర్' ప్రచారంలో వార్నర్ బ్రదర్స్ తరఫున యూట్యూబర్లకి డబ్బిచ్చి, పొగడాలి, బగ్గులు చూపించొద్దు అని ఒప్పందం రాయించుకున్నారు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దాని మీద కేసు పెట్టి సెటిల్ చేసింది. ఆ వీడియోలన్నీ కలిపి 55 లక్షలకి పైగా వ్యూస్, అందులో 37 లక్షలు 'ప్యూడీపై' అనే యూట్యూబర్ పెట్టిన ఒక్క వీడియోవే. ఇక 'సైబర్‌పంక్ 2077' సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది: 2020 డిసెంబరులో ముందస్తు రివ్యూలకి పీసీ కోడ్‌లే ఇచ్చారు, సొంత ఫుటేజీ చూపించనివ్వలేదు. రివ్యూలు బాగానే వచ్చాయి. పీఎస్4లో కొనుక్కున్నవాళ్ళకి గేమ్ నడవలేదు, వారం రోజుల్లో సోనీ తన స్టోర్ నుంచే దాన్ని తీసేసింది. అక్కడ ఎవరూ కీబోర్డు పంపలేదు. ఏ కోడ్ ఇవ్వాలో ఎంచుకున్నారు, అంతే.

షరతు తేడాగా ఉంటే కోడ్ వద్దనండి, విడుదలయ్యాక కొని ఆడండి. వారం ఆలస్యమవుతుంది. వ్యూస్ తగ్గుతాయి, నిజమే, తగ్గవని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను.

7. మీకొచ్చిందీ, కొనేవాడికి వచ్చేదీ ఒకటేనా చూసుకోండి

ఈ స్టెప్పు దాదాపు అందరూ వదిలేస్తారు. 2018లో 'ఫాలౌట్ 76' 200 డాలర్ల ఎడిషన్‌లో కాన్వాస్ సంచి ఇస్తామని ప్రకటించి నైలాన్ సంచి పంపారు. జనం గోల చేస్తుండగా తేలిందేమిటంటే, ప్రచార ఈవెంట్‌కి వచ్చిన ఇన్‌ఫ్లుయెన్సర్లకి మాత్రం ఫ్రీగా కాన్వాస్ సంచులు అందాయి. డబ్బు కట్టినవాడికి నైలాను, కట్టనివాడికి కాన్వాసు.

సంచి కంటికి కనిపిస్తుంది. కనిపించనిది గేమ్ లోపలి కరెన్సీ. రివ్యూ అకౌంట్లలో ముందే కొంత కరెన్సీ, కొన్ని క్యారెక్టర్లు నింపి ఇస్తుంటారు. మీకు అన్నీ తెరిచి ఉంటాయి, కొన్నవాడు ఒక్కో స్కిన్ (క్యారెక్టర్ వేషం) కోసం నలభై గంటలు ఆడిందే ఆడుతూ రుబ్బాలి. కాబట్టి:

- రివ్యూ అకౌంట్ తెరవగానే వాలెట్ బ్యాలెన్స్ స్క్రీన్‌షాట్ తీయండి.
- ఆ కరెన్సీ ముట్టుకోకుండా కనీసం కొన్ని గంటలు ఆడండి. వీలైతే ఖాళీ అకౌంట్‌లో మొదటి నుంచి ఆడండి.
- మీకు అదనంగా ఏం ఇచ్చారో వీడియోలో ఒక వాక్యంలో చెప్పండి.

8. చెప్పడం: ఎక్కడ, ఎలా, ఏ మాటల్లో

ఇక్కడే మనవాళ్ళు ఎక్కువ తప్పులు చేస్తారు, కాబట్టి కాస్త నింపాదిగా.

మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సీసీపీఏ (కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ) ఉంది. వాళ్ళు 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చారు, 2023 జనవరిలో ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం ప్రత్యేకంగా ఇంకో పత్రం ఇచ్చారు. దాని ప్రకారం డబ్బే కానక్కర్లేదు, ఫ్రీ వస్తువు, డిస్కౌంటు, గిఫ్టు, ట్రిప్పు, హోటల్ బస, ఆఖరికి ఆ కంపెనీలో మీ చుట్టం పనిచేస్తున్నా అది చెప్పాల్సిన సంబంధమే. చెప్పకపోతే జరిమానా 10 లక్షల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు. "నాకు ఎనిమిది వందల మంది సబ్‌స్క్రైబర్లే కదా" అంటారా, అమెరికా వాళ్ళు 2009లో రాసుకున్న గైడ్‌లో ఇచ్చిన ఉదాహరణే ఒక కాలేజీ కుర్రాడిది: గేమ్స్ గురించి బ్లాగు రాసుకుంటాడు, కంపెనీ ఫ్రీగా కన్సోల్ పంపి రాయమంటుంది, ఆ సంగతి అతను స్పష్టంగా చెప్పాలి. అచ్చం మనమే.

ఇలా చేయండి:

- వీడియోలోనే, మీ గొంతుతో, మొదటి అర నిమిషంలో చెప్పండి. అప్పుడు స్క్రీన్ మీద అక్షరాలు కూడా వేయండి. డిస్క్రిప్షన్‌లో పెడితే చాలదు. వార్నర్ కేసులో దొరికింది అక్కడే, "షో మోర్" నొక్కితే గానీ కనపడని చోట పెట్టారు.
- రివ్యూ తెలుగులో ఉంటే చెప్పేదీ తెలుగులోనే. తెలుగులో అరగంట మాట్లాడి మూలన ఇంగ్లీషులో చిన్న అక్షరాలు వేయడం కుదరదు.
- లైవ్ అయితే స్ట్రీమ్ ఉన్నంతసేపూ స్క్రీన్ మీద కనిపిస్తూ ఉండాలి. మధ్యలో వచ్చినవాడికి తెలియాలి కదా.
- రాసే రివ్యూ అయితే మొదటి పేరాకి పైన. స్టీమ్ అనే గేమ్ స్టోర్‌లో రాస్తే, ఫ్రీగా వచ్చిందని టిక్కు పెట్టే గడి ఉంటుంది, అది వాడండి.
- యూట్యూబ్‌లో పెయిడ్ ప్రమోషన్ టిక్కు డబ్బు తీసుకున్నప్పుడు పెట్టాల్సిందే, కానీ అది మీరు చెప్పాల్సినదానికి బదులు కాదు.

మాటల విషయానికి వస్తే, ఇవి పనికిరావు: "ఫలానా కంపెనీకి స్పెషల్ థ్యాంక్స్", "ఫలానా వారి సౌజన్యంతో", "వాళ్ళతో మన అనుబంధం". వినేవాడికి ఏమీ అర్థం కాదు, అర్థం కాకూడదనే అంటున్నట్టు ఉంటుంది. ఇవి పనికొస్తాయి:

"ఈ గేమ్ కోడ్ కంపెనీ ఫ్రీగా ఇచ్చింది. డబ్బులు ఇవ్వలేదు. వీడియో ముందుగా చూడలేదు."

"కోడ్‌తో పాటు దాదాపు 6,000 రూపాయల కీబోర్డు కూడా పంపారు. తిరిగి పంపేశాను."

"ఇది డబ్బు తీసుకుని చేసిన వీడియో. దీన్ని రివ్యూ అనుకోవద్దు."

సగం చెప్పడం అస్సలు చేయకండి. ఆ వార్నర్ వ్యవహారంలో కొందరు గేమ్ ముందే ఫ్రీగా వచ్చిందని చెప్పారు, డబ్బు తీసుకున్నట్టు చెప్పలేదు. చెప్పనిదానికన్నా అది దారుణం, వినేవాడు "అబ్బో, నిజాయితీపరుడు" అనుకుని ఇంకా నమ్ముతాడు. "ఫ్రీగా వచ్చినా నా అభిప్రాయం మారలేదు" అనే వాక్యం కూడా తీసేయండి. మారిందో లేదో మీకే తెలియదు. నాకు తెలిసింది నా పాత డ్రాఫ్టు తీసి చూశాకే.

9. పెట్టేముందు చెక్ చేసుకోండి

మొదటి డ్రాఫ్టు చెరపకండి, విడిగా దాచండి. పోస్ట్ చేసే ముందు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో అంకెలతో ఉన్న ఫిర్యాదు రెండోదాంట్లో మెత్తబడిందా? "కాస్త", "కొంచెం", "అప్పుడప్పుడు", "అంతగా", "ప్యాచ్‌లో సరిచేస్తారేమో" అనే మాటలు లెక్కపెట్టండి. సొంత డబ్బుతో కొన్న గేమ్‌కి మీరు రాసిన పాత రివ్యూ తీసి అందులోనూ లెక్కపెట్టండి. నా కీబోర్డు వీడియోలో పదకొండు "కాస్త"లు వచ్చాయి, అంతకుముందు నెల నేను కొన్న గేమ్ రివ్యూలో రెండు.

తర్వాత, గిఫ్టు అందని ఆ స్నేహితుడికి స్క్రిప్టు పంపి ఒకే ప్రశ్న అడగండి: "ఇది విని నువ్వు 5,000 పెట్టి కొంటావా?" వాడు కొంటానంటే, మీ జేబులోంచి అయితే మీరు కొనేవారా అని ఆలోచించండి. రెండు జవాబులూ వేరైతే స్క్రిప్టులో ఎక్కడో మొహమాటం ఉంది, వెతకండి.

ఎదురు తప్పు కూడా ఉంది. గిఫ్టు తీసుకున్నానని తెలిస్తే ఏమనుకుంటారో అని కావాలనే ఒక మార్కు తగ్గించి తిట్టేవాళ్ళు ఉన్నారు. అదీ గిఫ్టు మాట విన్నట్టే, పాపం ఆ డెవలపర్లు ఏం చేశారు?

10. పన్ను

రెండు ముక్కల్లో. ఇది మీ వృత్తి లేదా వ్యాపారం అయితే, ఏడాదిలో ఒకే కంపెనీ నుంచి వచ్చిన వస్తువుల విలువ 20,000 రూపాయలు దాటితే దాని మీద 10 శాతం టీడీఎస్ అనే రూలు 2022 జూలై 1 నుంచి ఉంది. ఇన్‌ఫ్లుయెన్సర్ వస్తువు వాడి తిరిగి ఇచ్చేస్తే అది లాభం కింద లెక్కలోకి రాదని ఆదాయపన్ను శాఖ సర్క్యులర్‌లోనే ఉంది. అప్పుగా తీసుకుని తిరిగి ఇవ్వమని నేను ఎందుకు అంటున్నానో ఇది ఇంకో కారణం. మిగతాది మీ ఆడిటర్ని అడగండి, ఆ చదివింపుల పుస్తకం తీసుకెళ్ళండి, ఆయన సంతోషిస్తారు.

మళ్ళీ మళ్ళీ వచ్చే రెండు ప్రశ్నలు

"తిరిగి పంపితే లిస్టులోంచి తీసేస్తారా?" నన్ను ఒక ఏజెన్సీ తీసేసింది. మిగతావాళ్ళు కోడ్‌లు పంపుతూనే ఉన్నారు. కీబోర్డు పంపకుండా కోడ్ ఒక్కటే పంపడం వాళ్ళకీ ఖర్చు తక్కువే కదా.

"నేను వేరే సైటుకి రాస్తాను, గిఫ్టులు నాకు రావు, కానీ సైటు నిండా ఆ గేమ్ యాడ్లే. ఏం చేయాలి?" ఇది కష్టం. 2007లో గేమ్‌స్పాట్‌లో జెఫ్ గెర్స్ట్‌మన్ 'కేన్ అండ్ లించ్'కి 6 ఇచ్చినప్పుడు ఆ సైటు అంతా ఆ గేమ్ యాడ్లే ఉన్నాయి, కొద్దిరోజులకే ఉద్యోగం పోయింది, ప్రకటనకర్తల ఒత్తిడి గురించి 2012లో ఆయనే బయటికి చెప్పాడు. ఆయన చేయగలిగింది స్కోరు మార్చకపోవడం. మీరు చేయగలిగింది ఇంకొంచెం ఉంది: సైటులో యాడ్ల పని చూసేవాళ్ళూ రివ్యూల పని చూసేవాళ్ళూ వేరేనా అని చేరేటప్పుడే అడగండి, జవాబు మెయిల్‌లో తీసుకోండి, ఆ గేమ్ రివ్యూ పైన "ఈ సైటులో దీని ప్రకటనలు ఉన్నాయి" అని ఒక లైను వేయమనండి. వేయనంటే ఆ గేమ్ రివ్యూ వేరేవాళ్ళకి ఇమ్మనండి.

ఇక ఆ కీబోర్డు. కామెంటు చూసిన రాత్రే వీడియో కింద ఒక కామెంటు పిన్ చేసి అసలు సంగతి రాశాను, సర్వర్ల గురించి మొదట రాసుకున్న వాక్యం అక్కడ పెట్టాను, వారం తర్వాత వీడియో మళ్ళీ చేశాను. తిరిగి పంపుతానని మెయిల్ పెడితే "ఉంచుకోండి సర్, పర్లేదు" అని జవాబొచ్చింది, పికప్ మాత్రం రాలేదు. చివరికి మా వీధి చివర ట్యూషన్ సెంటర్‌కి ఇచ్చాను, పిల్లలు లైట్ల కోసం కొట్టుకుంటున్నారట. నా చదివింపుల పుస్తకంలో మొదటి వరుస అదే. ఏం చేశాను అనే గడిలో "ఇచ్చేశాను" అని ఉంది, దాని పక్కన ఖాళీ చాలక మార్జిన్‌లో చిన్న అక్షరాలతో "తొమ్మిది రోజులు వాడాక".